ఎదుటివాళ్ళు అబద్ధం చెప్తున్నారని తెలుసుకోవడం ఎలా: బెంగళూరు నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

పదకొండేళ్ళుగా బెంగళూరులో నా ఉద్యోగం ఇదే: ఒక మనిషి రెజ్యూమెలో రాసుకున్నది నిజమా కాదా అని చూసి చెప్పడం. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అంటారు. కంపెనీలు కొత్తవాళ్ళని తీసుకునే ముందు మాలాంటి వాళ్ళకి ఈ పని అప్పజెప్తాయి. పాత కంపెనీకి మెయిల్ పెడతాం, కాలేజీకి రాస్తాం, మనిషితో ఫోన్లో మాట్లాడతాం. చివరికి రిపోర్టు మీద గ్రీన్ (అంతా సరిగ్గా ఉంది) అనో, ఆంబర్ (అనుమానం ఉంది) అనో, రెడ్ (చెప్పింది నిజం కాదు) అనో రంగు వేస్తాం.

మాది హిందూపురం. చుట్టాల్లో ఎవరు సంబంధం చూస్తున్నా, ఇక్కడ ఇల్లు అద్దెకి తీసుకుంటున్నా, "నువ్వైతే మాట వినగానే పట్టేస్తావు కదమ్మా" అని నాకు ఫోన్ చేస్తారు. మాట వినగానే పట్టేయడం ఎవరికీ రాదు. నాకూ రాదు. ఆ సంగతి నాకు తెలిసొచ్చేలోపు ఒక అమ్మాయికి వచ్చిన ఉద్యోగం పోయింది.

కదిరి దగ్గర పల్లె నుంచి వచ్చిన అమ్మాయి. దాదాపు రెండేళ్ళ అనుభవం ఉందని రాసుకుంది. పాత కంపెనీకి పెట్టిన మెయిల్ తిరిగొచ్చింది, ఫోన్ నంబరు పనిచెయ్యలేదు. ఆ అమ్మాయికి ఫోన్ చేసి ఇంగ్లీషులో అడిగాను. నీళ్ళు నమిలింది. మేనేజర్ పేరు చెప్పడానికి ఆగింది, తేదీ ఒకసారి తప్పు చెప్పి సరిదిద్దుకుంది, గొంతు వణికింది. నేను రెడ్ వేశాను. ఆఫర్ వెనక్కి తీసుకున్నారు. మూడు వారాల తర్వాత తన బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ పాస్‌బుక్ పంపింది. ఇరవై రెండు నెలల జీతం వరసగా పడింది. ఆ చిన్న కంపెనీని ఇంకొకరు కొనేశారు, పాత మెయిల్ ఐడీలన్నీ మూసేశారు, అంతే. నేనే ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. "మేడం, ఆ రోజు తెలుగులో అడిగుంటే అన్నీ చెప్పేదాన్ని" అంది. అప్పటికి ఆ ఉద్యోగం వేరేవాళ్ళకి ఇచ్చేశారు.

అప్పటి నుంచి ఈ విషయం మీద దొరికిందల్లా చదివాను, నా పద్ధతి మొత్తం మార్చుకున్నాను. కింద రాసింది ఆ పద్ధతి. ఉద్యోగం దగ్గరే కాదు, అద్దె ఇల్లు, పెళ్ళి సంబంధం, అప్పు, ఇంట్లో పిల్లలు, ఎక్కడైనా పనికొస్తుంది.

మొదటి మెట్టు: ముఖం చూసి తేల్చే అలవాటు మానుకోండి

ఇది అన్నిటికంటే కష్టమైన మెట్టు. ఎందుకంటే చిన్నప్పటి నుంచి మనకి నేర్పిందే ఇది. "నా కళ్ళల్లోకి చూసి చెప్పు" అంటాం. 2006లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 58 దేశాల వాళ్ళని "అబద్ధం చెప్తున్నారని ఎలా తెలుస్తుంది?" అని అడిగితే, అన్నిటికంటే ఎక్కువగా వచ్చిన జవాబు "కళ్ళల్లోకి చూడరు" అనే. లోకమంతా ఒకే మాట అన్నా అది నిజం కాలేదు. అబద్ధం చెప్పేవాళ్ళు చూపు తిప్పుకుంటారని పరిశోధనల్లో తేలలేదు. బాగా సిద్ధపడి వచ్చినవాడు సూటిగా చూస్తూనే చెప్తాడు.

బెల్లా డిపాలో అనే సైకాలజిస్టు తన బృందంతో 2003లో 158 లక్షణాలు పరిశీలించారు. చేతులు కదపడం, కళ్ళార్పడం, గొంతు మారడం ఇలాంటివి. వాటిలో చాలావాటికి అబద్ధంతో సంబంధమే లేదు, ఉన్నవాటికి కూడా అంతంతమాత్రం. 2006లో చార్లెస్ బాండ్‌తో కలిసి ఆవిడే చేసిన ఇంకో పరిశీలనలో ఇరవై నాలుగు వేల మందికి పైగా ఇచ్చిన తీర్పులు కలిపి చూశారు. మనిషిని చూసి, మాట విని, నిజమో అబద్ధమో చెప్పమంటే వందకి 54 సార్లు సరిగ్గా చెప్పారు. నాణెం ఎగరేసి బొమ్మా బొరుసా అని చెప్పినా 50 వస్తాయి. ఇదే వృత్తిగా ఉన్నవాళ్ళు కూడా మామూలు మనుషులకంటే గట్టిగా మెరుగ్గా ఏమీ లేరు.

కుడివైపు పైకి చూస్తే కల్పిస్తున్నారని, ఎడమవైపు చూస్తే గుర్తు చేసుకుంటున్నారని ఒక మాట వీడియోల్లో తెగ తిరుగుతుంటుంది. 2012లో రిచర్డ్ వైజ్‌మన్ బృందం దాన్ని పరీక్షించింది. ఏ ఆధారమూ దొరకలేదు.

మనకి దీనిలో ఇంకో చిక్కు ఉంది. పెద్దవాళ్ళ ముందు తలెత్తి మాట్లాడకూడదని మన పల్లెల్లో ఆడపిల్లలకి ఇప్పటికీ చెప్తారు. అలా పెరిగిన పిల్ల ఇంటర్వ్యూలో తల దించుకుంటే దాన్ని దొంగతనం కింద లెక్కేస్తాం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత చెప్తాం గానీ, దొంగ ఎవరని గట్టిగా అరిస్తే దొంగ కానివాళ్ళు కూడా భుజాలు తడుముకుంటారు. ఉద్యోగం పోతుందేమో, నన్ను నమ్మరేమో అన్న భయానికి కూడా గొంతు వణుకుతుంది.

పూర్వం మన దేశంలో అనుమానం ఉన్నవాళ్ళ చేత బియ్యం నమిలించి ఉమ్మించేవాళ్ళు. తడి లేకుండా పొడిగా వస్తే నేరస్థుడని తీర్పు. భయపడితే నోరు ఎండిపోతుందన్నది నిజమే. కానీ ఎండిన నోరు భయాన్ని చెప్తుంది, నేరాన్ని కాదు. లై డిటెక్టర్‌లో ఉన్న లోపమూ ఇదే. గుండె వేగం, ఊపిరి, చర్మం మీద చెమట కొలుస్తుంది, అంతే. అబద్ధానికని ప్రత్యేకంగా శరీరంలో పుట్టే గుర్తు ఒకటి లేదు. బెంగళూరు మడివాళలో ఉన్న ఫోరెన్సిక్ ల్యాబ్ ఒకప్పుడు నార్కో పరీక్షలతో, అంటే మందు ఇచ్చి మత్తులో ప్రశ్నలడిగే పరీక్షలతో, దేశమంతా వార్తల్లోకెక్కింది. సెల్వి వర్సెస్ స్టేట్ ఆఫ్ కర్ణాటక కేసులో 2010 మే 5న సుప్రీంకోర్టు, ఒక మనిషి ఒప్పుకోకుండా నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ (మెదడు తరంగాలు కొలిచే) పరీక్షలు చెయ్యడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. ఇష్టపడి చేయించుకున్నా ఆ పరీక్ష ఫలితాన్ని నేరుగా సాక్ష్యంగా తీసుకోకూడదని కూడా చెప్పింది. మెషిన్లు పెట్టి చూసినదానికే అంత జాగ్రత్త అవసరమైతే, "వాడి ముఖం చూస్తేనే తెలిసిపోయింది" అనే మన మాటకి ఎంత విలువ ఇవ్వాలో ఆలోచించండి.

రెండో మెట్టు: అడిగే ముందు రాసుకోండి

అనుమానం రాగానే మనిషి దగ్గరికి వెళ్ళకండి. ఒక కాగితం తీసుకుని నాలుగు విషయాలు రాయండి. మీరు స్వయంగా చూసింది ఏంటి? మీరు ఊహించుకుంటున్నది ఏంటి? ఆ మనిషి చెప్పింది నిజమే అయితే ఎక్కడెక్కడ జాడ ఉండాలి? అబద్ధమైతే ఎక్కడ ఖాళీ కనిపించాలి?

కదిరి అమ్మాయి విషయంలో నేను ఇది చేసి ఉంటే సరిపోయేది. చూసింది: మెయిల్ తిరిగొచ్చింది. ఊహించింది: కంపెనీయే లేదు. ఈ రెండిటికీ మధ్య చాలా దూరం ఉంది. నిజమైతే బ్యాంకులో జీతం జాడ ఉండాలి. అది అడగడానికి రెండు నిమిషాలు పట్టేది.

ఇంకో ప్రశ్న కూడా రాసుకోండి: నిజం చెప్తే ఈ మనిషికి ఏం పోతుంది? తిమోతీ లెవిన్ అనే పరిశోధకుడు ఏళ్ళ తరబడి ఇదే పని మీద ఉన్నాడు. నిజంతో పని అయిపోతుంటే మనుషులు అబద్ధం జోలికి పోరని, నిజం అడ్డొచ్చినప్పుడే అబద్ధం చెప్తారని ఆయన అంటాడు. ఆయన సహచరులతో కలిసి 2010లో వెయ్యి మంది అమెరికన్లని, గడిచిన ఒక్క రోజులో ఎన్ని అబద్ధాలు చెప్పారని అడిగితే, దాదాపు 60 శాతం మంది ఒక్కటి కూడా చెప్పలేదన్నారు. మొత్తం అబద్ధాల్లో సుమారు సగం ఓ 5 శాతం మంది చెప్పినవే. కాబట్టి అందరినీ అనుమానించడం తెలివితేటలు కాదు. ఎక్కువమందిని నమ్మండి. అబద్ధం చెప్పాల్సిన అవసరం, దాంతో పాటు మీకు నష్టం జరిగే అవకాశం, రెండూ ఉన్న చోట మాత్రమే ఈ మెట్లు ఎక్కండి.

మూడో మెట్టు: వాళ్ళ భాషలో, వాళ్ళ వేగంతో చెప్పనివ్వండి

బెంగళూరు లాంటి ఊళ్ళో రోజుకి నాలుగు భాషలు మాట్లాడతాం. ఓనర్‌తో కన్నడం, ఆఫీసులో ఇంగ్లీషు, ఆటో ఎక్కితే ఏది కుదిరితే అది. సొంత భాష కానిదానిలో మాట్లాడే మనిషిని విన్నవాళ్ళు సొంత భాషవాళ్ళని నమ్మినంత తేలిగ్గా నమ్మరని పరిశోధనల్లో కనబడింది. పదం కోసం వెతుక్కునే క్షణాన్ని కథ కోసం వెతుక్కునే క్షణంగా చూస్తాం. అందుకే ఇప్పుడు నేను మొదట అడిగే మాట ఇదే: "మీకు ఏ భాషలో చెప్పడం సులువు?"

తర్వాత పెద్ద ప్రశ్న ఒకటి అడిగి ఊరుకోండి. "ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పండి" అంటే చాలు. "నువ్వు పదింటికే బయల్దేరావు కదా?" అని మీరే అందిస్తే, అబద్ధం చెప్పేవాడికి "అవును" అంటే సరిపోతుంది. మధ్యలో అడ్డు రాకండి. మాట ఆగితే మీరు పూరించకండి. ఓ అయిదారు సెకన్లు మౌనంగా ఉంటే అవతలివాళ్ళే ఇంకో మాట కలుపుతారు.

ఇక్కడ ఒక విషయం చాలామందికి తలకిందులుగా తెలుసు. తేదీ తప్పు చెప్పి సరిదిద్దుకోవడం, "అది సరిగ్గా గుర్తులేదు" అనడం, ముందుకెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి "ఆ, ఇంకోటి చెప్పడం మర్చిపోయా" అనడం, ఇవి అబద్ధం గుర్తులు కావు. డిపాలో పరిశీలనలో ఇలాంటి చిన్న చిన్న లోపాలు నిజం చెప్పేవాళ్ళ మాటల్లోనే ఎక్కువగా కనిపించాయి. అబద్ధమాడినా అతికినట్టుండాలి అని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. అతికించుకునే పనిలో ఉన్నవాడు తప్పు బయటపడనివ్వడు. రెండు వారాల తర్వాత అడిగినా అవే మాటలు, అదే వరస వస్తే దాన్ని బట్టీ అనుకోవచ్చేమో గానీ జ్ఞాపకం అనుకోవడానికి లేదు. అలాగని రెండోసారి చిన్న తేడా వస్తే అబద్ధమనీ కాదు. జ్ఞాపకం టేప్ రికార్డర్ కాదు కదా.

నాలుగో మెట్టు: సిద్ధం చేసుకోని చోట అడగండి

నాకు అన్నిటికంటే ఉపయోగపడిన మెట్టు ఇది. దీన్ని కాస్త దగ్గరగా చూపిస్తాను.

అబద్ధం చెప్పడం మెదడుకి అదనపు బరువు. కథ కల్పించాలి, అది గుర్తుంచుకోవాలి, అవతలివాళ్ళు నమ్ముతున్నారో లేదో కనిపెట్టాలి. ఇంగ్లండ్‌లో ఆల్డర్ట్ వ్రై అనే పరిశోధకుడు ఈ బరువు మీదే పని చేశాడు. కథ సిద్ధం చేసుకున్నవాళ్ళు అడుగుతారనుకున్న ప్రశ్నలకే సిద్ధపడతారు. అందుకని వాళ్ళు ఊహించని ప్రశ్న అడగాలి. చోటు గురించి, వరస గురించి, మామూలు రోజు గురించి. గది బొమ్మ గీయమని కూడా అడుగుతారు.

ఊహించని ప్రశ్న అంటే చిక్కు ప్రశ్న కాదు. నిజంగా అక్కడ ఉన్నవాడికి ఆలోచించకుండా వచ్చేసే ప్రశ్న.

ఒక అబ్బాయి, ఎలక్ట్రానిక్ సిటీలో రెండేళ్ళు చేశానని రెజ్యూమెలో ఉంది. ఉండేది మారతహళ్ళిలో పీజీలో. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ అన్న అనుమానం ఉంది. ప్రాజెక్టు గురించి అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. క్లయింటు, టెక్నాలజీ, టీమ్ సైజు, అన్నీ. ఇలాంటివి నేర్పే చోట్లు ఈ ఊళ్ళో ఉన్నాయి, పిల్లలు డబ్బు కట్టి మరీ నేర్చుకుంటారు. ఆ ప్రశ్నలు వదిలేసి వేరేవి అడిగాను.

"మారతహళ్ళి నుంచి రోజూ ఎలా వెళ్ళేవాళ్ళు?"

"క్యాబ్ ఉండేది మేడం."

"పికప్ ఎక్కడ? ఎన్నింటికి?"

కాసేపు ఏమీ లేదు. "బ్రిడ్జి దగ్గర... తొమ్మిదింటికి."

"ఆఫీసుకి చేరేసరికి?"

"తొమ్మిదిన్నర."

పొద్దున తొమ్మిదింటికి మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర ఎక్కి, ట్రాఫిక్‌కి పేరుపడ్డ సిల్క్ బోర్డు కూడలి దాటుకుని అరగంటలో ఎలక్ట్రానిక్ సిటీ చేరడం ఈ ఊళ్ళో రెండేళ్ళున్న ఏ మనిషీ చెప్పే మాట కాదు. నేను ఏమీ అనలేదు. మధ్యాహ్నం ఎక్కడ తినేవాళ్ళని అడిగాను. లిఫ్ట్ దిగాక తన సీటు ఎటువైపని అడిగాను. మొదటి జీతం పడిన రోజు ఏం చేశారని అడిగాను. మొదటి జీతం ఎవరూ మర్చిపోరు. అమ్మకి చీర కొన్నామనో, ఫ్రెండ్స్‌కి బిర్యానీ పెట్టామనో, అప్పు తీర్చామనో చెప్తారు. ప్రాజెక్టు గురించి అంత ధారాళంగా మాట్లాడినవాడు ఇక్కడ "నార్మల్‌గానే మేడం" అన్నాడు.

ఇంత చూశాక కూడా నేను రెడ్ వెయ్యలేదు. ఒక మాట తేడా రావడం సాక్ష్యం కాదు. అది ఎక్కడ వెతకాలో చెప్తుంది, అంతే. సాక్ష్యం తర్వాత బయట దొరికింది, ఆ సంగతి ఆరో మెట్టులో చెప్తాను.

మీరు వాడుకోవడానికి కొన్ని. ఇల్లు తనదేనని చెప్పే మనిషిని నీళ్ళ సంగతి అడగండి: కావేరి నీళ్ళు ఏ ఏ రోజుల్లో వదుల్తారు, బోరు ఉందా, ఎండాకాలం ట్యాంకర్ ఎంతకి వస్తుంది, కింద ఇంట్లో ఎవరుంటారు. సొంత ఇల్లైతే ఇవన్నీ నోటి చివరే ఉంటాయి. అప్పు అడిగే స్నేహితుడు ఆసుపత్రి అంటే, ఏ వార్డు, ఇప్పుడు పక్కన ఎవరున్నారు, మేము చూడ్డానికి ఎన్నింటికి రావచ్చు అని అడగండి. చివరి ప్రశ్న నిజమైనవాడికి ఊరటనిస్తుంది కూడా.

జరిగింది చివరి నుంచి మొదటికి చెప్పమనడం కూడా ఒక పద్ధతి. 2008లో వ్రై బృందం ప్రయోగంలో ఇలా చెప్పించినప్పుడు అబద్ధాలు పసిగట్టడం కాస్త తేలికైంది. కానీ ఇంట్లోవాళ్ళ మీదో స్నేహితుల మీదో దీన్ని వాడితే పోలీసు స్టేషన్లో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. నేను వాడను.

ఐదో మెట్టు: చేతిలో ఆధారం ఉంటే ముందే చూపించకండి

మనకి కోపం వస్తే మొదట చేసే పని, తెలిసిందంతా ముందే కక్కేయడం. "నువ్వు నిన్న ఫలానా చోట ఉన్నావని నాకు తెలుసు!" అంటాం. ఆ మాటతో అవతలివాడికి కథ ఎక్కడ అతికించుకోవాలో మనమే చూపిస్తున్నాం.

స్వీడన్‌లో మరియా హార్ట్‌విగ్, పేర్ ఆండర్స్ గ్రాన్‌హాగ్ వాళ్ళు 2006లో పోలీసు శిక్షణలో ఉన్నవాళ్ళతో ఒక ప్రయోగం చేశారు. ఆధారం దాచిపెట్టి, ముందు స్వేచ్ఛగా చెప్పనిచ్చి, తర్వాత ఆ ఆధారం చుట్టూ ప్రశ్నలు వేసి, చివర్లో బయటపెట్టడం కొందరికి నేర్పారు. నేర్చుకున్నవాళ్ళు దాదాపు 85 శాతం సరిగ్గా చెప్పారు. నేర్చుకోనివాళ్ళు 56 శాతం. మనిషిని చూసే చూపు మారలేదు, అడిగే వరస మారింది.

మా పిన్ని కూతురికి సంబంధం చూసినప్పుడు ఇదే చేశాం. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారని మధ్యవర్తులు ఇప్పటికీ ధైర్యంగా అంటారు కాబట్టి పిన్నికి భయం. అబ్బాయి ఒక పెద్ద కంపెనీలో చేస్తున్నాడని మధ్యవర్తి చెప్పాడు. మార్చిలోనే అక్కడ మానేశాడని ఇంకెవరి ద్వారానో పిన్నికి తెలిసింది. "మోసం, వద్దనేస్తాను" అంది. నేను ఆపాను. కలిసినప్పుడు ఆ సంగతి ఎత్తకుండా, "ఇప్పుడు ఏం పని చేస్తున్నారు బాబూ? ఆఫీసుకి వారానికి ఎన్ని రోజులు వెళ్ళాలి? ఇంటికి ఎంత దూరం?" అని అడగమన్నాను. అబ్బాయి తనంతట తనే, "మార్చిలో మారానండీ, ఏప్రిల్ నుంచి వైట్‌ఫీల్డ్‌లో చేస్తున్నాను, పాత కంపెనీ పేరే చెప్పారా మీకు?" అన్నాడు. మధ్యవర్తి దగ్గర ఉన్నది పాత బయోడేటా. పిన్ని ముందే నిలదీసి ఉంటే, ఆ అబ్బాయి ఏం చెప్పినా సర్దిచెప్తున్నాడనే అనుకునేది. ఈ పద్ధతి దొంగని పట్టడానికే కాదు, దొంగ కానివాణ్ణి కాపాడడానికి కూడా.

ఆరో మెట్టు: బయట సరిచూసుకోండి

నిజం నిలకడ మీద తెలుస్తుంది అనేది నా ఉద్దేశంలో తెలుగులో ఈ విషయం మీద ఉన్న అన్నిటికంటే ఖచ్చితమైన మాట. 2002లో లెవిన్, పార్క్ వాళ్ళు, మీరు ఇటీవల కనిపెట్టిన అబద్ధం ఎలా బయటపడిందని జనాన్ని అడిగారు. వేరేవాళ్ళు చెప్పడం వల్ల, కాగితమో వస్తువో దొరకడం వల్ల, చెప్పినవాళ్ళే ఒప్పుకోవడం వల్ల, అదీ చాలావరకు తర్వాతెప్పుడో. చెప్తున్నప్పుడే ముఖం చూసి పట్టుకున్నవి చాలా అరుదు.

ఉద్యోగం విషయంలో పీఎఫ్ సర్వీస్ హిస్టరీ, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు, జీతంలోంచి పన్ను కోసినట్టు చూపే ఆదాయపు పన్ను స్టేట్‌మెంటు చూస్తాం. మూడూ ఆ మనిషి అనుమతితోనే. ఎలక్ట్రానిక్ సిటీ అబ్బాయికి పీఎఫ్ లేదు. అది ఒక్కటే అయితే లెక్క కాదు, ఇరవై మంది కంటే తక్కువ ఉన్న చాలా చిన్న కంపెనీల్లో పీఎఫ్ ఉండదు. కానీ టీమే నలభై మంది అని తనే చెప్పాడు. బ్యాంకు స్టేట్‌మెంటు అడిగితే జీతం ఒక్క నెలా లేదు. అప్పుడు వేశాను రెడ్.

ఇంటి విషయంలో, ఐదారు నెలల నుంచి పది నెలల అద్దె దాకా అడ్వాన్స్ అడిగే ఊరిది, డబ్బు పంపేముందు ఒక పూట కేటాయించండి. ఆస్తి పన్ను రసీదు మీద పేరు, ఓనర్ గుర్తింపు కార్డు మీద పేరు ఒకటేనా చూడండి. కరెంటు బిల్లు కూడా చూడండి గానీ అది పాత యజమాని పేరు మీదే ఉండిపోవడం మామూలే. అనుమానం ఉంటే కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ళ కావేరి పోర్టల్‌లో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకోండి. అన్నిటికంటే తేలికైన పని, పక్కింటివాళ్ళని, కింద ఇస్త్రీ బండి అతన్ని అడగడం.

ఒక్క నియమం మాత్రం తప్పకండి. వాళ్ళు ఇచ్చిన నంబరుకి ఫోన్ చేసి సరిచూసుకోవడం సరిచూసుకోవడం కాదు. నంబరు మీరే వేరే చోట వెతికి పట్టుకోండి. పోలీసులమనో, కొరియర్ నుంచి అనో ఫోన్ చేసి "డిజిటల్ అరెస్ట్" అని భయపెట్టేవాళ్ళకి కూడా ఇదే మందు. మన చట్టంలో అలాంటి అరెస్టే లేదు. గొంతు నిజమా అబద్ధమా అని వింటూ కూర్చోకండి. పెట్టేయండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.

ఏడో మెట్టు: ఇంట్లో అయితే

ఇంట్లో ఈ మెట్లన్నీ అవసరం లేదు. ఇంట్లోవాళ్ళని పట్టుకోవడం గెలుపు కాదు. నిజం చెప్పే వీలు కల్పించడమే పని. విక్టోరియా తల్వార్ బృందం 2015లో నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలతో ఒక ప్రయోగం చేసింది. బొమ్మ వెనకాల పెట్టి, తిరిగి చూడొద్దని చెప్పి, గదిలో ఒక నిమిషం ఒంటరిగా వదిలేశారు. మూడింట రెండొంతుల మంది చూశారు. చూసినవాళ్ళలో మూడింట రెండొంతుల మంది చూడలేదన్నారు. చూసి ఉంటే శిక్ష ఉంటుందని బెదిరించినప్పుడు నిజం చెప్పినవాళ్ళు తగ్గారు. నిజం చెప్తే నాకు సంతోషం, చెప్పడం మంచి పని అన్నప్పుడు పెరిగారు.

పెద్దవాళ్ళ సంగతీ ఇంతకంటే వేరుగా ఉంటుందని నేను అనుకోను. మా తమ్ముడు కె.ఆర్.పురంలో మాతోనే ఉండేవాడు. 2024 జనవరిలో ఒకరోజు కూరగాయల బండి దగ్గర, వాడి ఆఫీసు ఫ్రెండ్ భార్య కనబడి, "మీ తమ్ముడికి ఎక్కడైనా వచ్చిందా అక్కా?" అని అడిగింది. నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. రోజూ పొద్దున బ్యాగు తగిలించుకుని, నేను కట్టిన బాక్సు తీసుకుని, బూట్లు వేసుకుని వెళ్ళే మనిషి. సాయంత్రం ట్రాఫిక్ గురించి కూడా చెప్పేవాడు. పదకొండేళ్ళు ఇదే పని చేసే నేను పక్క గదిలో ఉండి కనిపెట్టలేకపోయాను.

ఆ సాయంత్రం వాడు రాగానే "ఈరోజు ఆఫీసులో ఏం చేశావురా?" అని అడగొచ్చు. అడిగితే ఇంకో అబద్ధం చెప్పేవాడు, అది చెప్పించింది నేనే అయ్యేదాన్ని. అడగలేదు. భోజనం అయ్యాక డాబా మీదికి తీసుకెళ్ళాను.

"ఉద్యోగాలు ఎక్కడా బాలేవంట కదరా. ఏమైనా జరిగినా నాతో చెప్పు. నాన్నకి నేను చెప్తాను, నువ్వు చెప్పక్కర్లేదు."

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. రోడ్డు మీద లైట్లు చూస్తూ నిలబడ్డాడు.

"నవంబర్‌లోనే పోయిందక్కా."

"మరి రోజంతా ఎక్కడుంటున్నావు?"

"కబ్బన్ పార్కు లైబ్రరీలో. మెట్రోలో వెళ్తున్నా. అక్కడే చదువుకుంటున్నా."

"బాక్సు?"

"పార్కులో బెంచీ మీద తింటున్నా."

ఇంకేమీ అడగలేదు. కిందికి వచ్చి నాన్నకి ఫోన్ చేశాను. నేను చెప్తున్నంతసేపూ తమ్ముడు నా పక్కనే కూర్చున్నాడు.